అప్పుడప్పుడూ సెల్ఫ్ తీసుకోదండీ!

“కారు సెల్ఫ్ తీసుకోవట్లేదండీ” అని ఎవరైనా ఫోన్ చేస్తే బ్యాటరీ వేసి ఎన్నాళ్ళయింది అని నేను అడగను. తాళం తిప్పినప్పుడు ఏ చప్పుడొచ్చింది అని అడుగుతాను. చాలామంది తడుముకుంటారు. “చప్పుడేంటండీ, స్టార్ట్ అవ్వలేదంతే” అంటారు. అయితే మళ్ళీ వెళ్ళి, రేడియో, ఏసీ ఆపి, తాళం తిప్పి, చెవి పెట్టి విని చెప్పమంటాను. సగం సంగతి అక్కడే తేలిపోతుంది మరి.

ఇంజను గిర్రుగిర్రున తిరుగుతూనే ఉండి అంటుకోకపోతే ఆ బండికి సెల్ఫ్‌తో పేచీ ఏమీ లేదు. పెట్రోలు పంపు, దాని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు), స్పార్కు, క్రాంక్ సెన్సార్, వీటి వైపు వెళ్ళాలి. మీటర్ల పక్కన తాళం బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటుంటే ముందు ఇమ్మొబిలైజర్ని, అంటే వేరే తాళానికి బండి అంటుకోనివ్వని ఏర్పాటుని, అనుమానించాలి, రెండో తాళంతో ప్రయత్నించాలి. టకటకటకటక అని వరసపెట్టి కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. సోలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) లాగుతుంది, మోటారు బరువు పడగానే వోల్టేజి కుప్పకూలుతుంది, సోలనాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజి మళ్ళీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఒక్కటే ఠక్కున గట్టిగా కొట్టి ఆగిపోతే సోలనాయిడ్ తన పని తాను చేసింది, లోపల రాగి కాంటాక్టులు కాలిపోయాయో, మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయో చూడాలి. ఇలాంటి బండికి సెల్ఫ్ మోటారు మీద రాడ్డుతో చిన్నగా ఒకటిస్తే తిరగడం అందరం చూసిందే.

ఇవేవీ కాకుండా, తాళం తిప్పితే బానెట్టు కింద ఉలుకూ పలుకూ ఉండదు. డాష్‌బోర్డు కింద ఎక్కడో సన్నగా టిక్ మంటుంది, ఒక్కోసారి అదీ వినపడదు. లైట్లు మాత్రం దివ్యంగా వెలుగుతుంటాయి. అన్నిటికన్నా చికాకు పెట్టేది ఈ రకం. మా కారుకి పట్టుకున్నది ఇదే.

నేను కోనసీమలో ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్ని. కార్లు బాగుచేయడం నా వృత్తి కాదు. కానీ జాయింట్ల సంగతి నా వృత్తే. మా దగ్గర తీగ తెగడం గాలివానకో, చెట్టుకొమ్మ పడితేనో. మిగతా రోజుల్లో ఇబ్బంది పెట్టేవన్నీ తీగలు కలిపే చోట ఉండే జంపర్లు, క్లాంపులు, లగ్గులు. లోడు తక్కువగా ఉన్న తెల్లవారుజామున ఏ గొడవా ఉండదు. సాయంత్రం లోడు పెరిగిందంటే అదే క్లాంపు చీకట్లో ఎర్రగా కనపడుతుంది. పైగా మాది సముద్రపు గాలి. ఓడలరేవు నుంచి వచ్చే ఉప్పుగాలికి రాగి పచ్చబడటానికి పెద్ద టైమేమీ పట్టదు.

కారు పెట్రోలుది, చిన్నది, గేర్లు చేత్తో వేసుకునేది, సెకండ్ హ్యాండులో కొన్నాం. పొద్దున్నే ఎప్పుడూ పేచీ పెట్టేది కాదు. నైటు డ్యూటీ దిగి వచ్చాక తిప్పినా టక్కున అందుకునేది. రావులపాలెం దాకా వెళ్ళి, ఏ పనో చూసుకుని కాసేపటికి వచ్చి తాళం తిప్పితే మాత్రం చడీచప్పుడు లేదు. అరటి మార్కెట్ దగ్గర గెలల లారీల మధ్య ఇరుక్కుని, వెనక నుంచి హారన్లు మోగుతుంటే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అనుభవించాలి. ఇద్దరు కుర్రాళ్ళని బతిమాలి సెకండు గేరులో తోయిస్తే వెంటనే అంటుకునేది. అంటే ఇంజనుకి, పెట్రోలుకి, స్పార్కుకి ఏ లోటూ లేదన్నమాట. బానెట్టు ఎత్తి ఓ అరగంట వదిలేసినా మామూలుగానే స్టార్ట్ అయ్యేది.

బ్యాటరీ అప్పటికే మార్చాం. మార్చిన వారంలోనే తుపాను పట్టింది, ముసురు. కారు బుద్ధిగా నడిచింది. బ్యాటరీ షాపాయన “చెప్పానా లేదా” అన్నాడు, మేమూ సరే అనుకున్నాం. ఎండలు ముదిరాక మళ్ళీ మొదలు. బాగుపడింది వాతావరణం చల్లబడటం వల్ల, పేరు కొట్టేసింది బ్యాటరీ.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. కారు ఎక్కువగా నడిపేది తనే. “అప్పుడప్పుడూ అంటే ఎప్పుడు?” అని నేను సతాయిస్తుంటే విసుగొచ్చి, డాష్‌బోర్డు అరలో ఉన్న చీరల షాపు కాగితం వెనక రాసిపెట్టడం మొదలెట్టింది. “రావులపాలెం. ఎండ. ఇరవై నిమిషాలు ఆపాను. చప్పుడు లేదు. లైట్లు బాగానే ఉన్నాయి.” “రాజమండ్రి. ఎండ. ఐదు నిమిషాలే ఆపాను. స్టార్ట్ అయింది.” “అదే రోజు, జొన్నాడ. టీకి ఆగాం. చప్పుడు లేదు. ఈయన నన్ను తిట్టారు.” ఆ చివరి వాక్యం రోగనిర్ధారణకి పనికిరాలేదు గానీ, మిగతావన్నీ పనికొచ్చాయి. ఐదు నిమిషాలు ఆపితే ఫర్వాలేదు, ఇరవై నిమిషాలు ఆపితే రాదు, గంట దాటితే మళ్ళీ వస్తుంది. ఇంజను ఆపగానే ఫ్యాను గాలి ఆగి, రేడియేటరు నీళ్ళు తిరగడం ఆగి, ఆ సెగంతా చుట్టుపక్కలకి పాకుతుంది. సెల్ఫ్ మోటారు ఇంజను పక్కనే కదా, అది బాగా వేడెక్కేది బండి నడుస్తున్నప్పుడు కాదు, ఆపిన తరవాత పావుగంట, ఇరవై నిమిషాల్లో. కాగితం మీదున్నది సరిగ్గా అదే.

ఇదంతా పట్టుకుని అమలాపురంలో మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడి దగ్గరికి వెళ్ళాం. మంచి పనివాడు. డైనమోలు, సెల్ఫ్‌లు విప్పి కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. మా కారు అతని షెడ్డు ముందు ఎన్నిసార్లు తిప్పినా ఠంచనుగా స్టార్ట్ అయింది. అయినా కుర్రాడు నమ్మాడు. సోలనాయిడ్‌కి వచ్చే సన్న వైరు పీకి, దానికి టెస్ట్ లాంపు పెట్టి, నన్ను తాళం తిప్పమన్నాడు. బల్బు భగ్గుమని వెలిగింది.

“కరెంటు ఫుల్లుగా వస్తోంది గురువుగారూ. వైరింగు ఓకే. సెల్ఫ్ లోపలే ఏదో ఉంది, వేడెక్కితే పట్టేస్తోంది. ఎక్స్‌ఛేంజ్‌లో వేరేది వేసేద్దాం.”

“తమ్ముడూ, వైరు పీకేసి చూస్తే లోడేదీ?” అన్నాను.

అతను నవ్వి, “బల్బు ఉంది కదండీ లోడు” అన్నాడు.

ఉంది. ఐదు వాట్ల బల్బు. దాన్ని వెలిగించడానికి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఇళ్ళలో ఇది రోజూ చూసే చోద్యమే: ప్లగ్గులో టెస్టర్ పెడితే వెలుగుతుంది, ఫ్యాను వేస్తే తిరగదు. టెస్టర్ అబద్ధం చెప్పలేదు, దాని అవసరానికి సరిపడా అక్కడ ఉంది. సోలనాయిడ్ అవసరం వేరే. అది లాగే క్షణంలో ఇరవై నుంచి ముప్పై ఆంపియర్లు తాగుతుంది.

సోలనాయిడ్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. మా బండి గొడవకి మూలం దాని నిర్మాణంలోనే ఉంది. అందులో రెండు చుట్టలుంటాయి. ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. తాళం తిప్పగానే రెండూ కలిసి లోపలి ఇనుప కడ్డీని గుంజుతాయి. కడ్డీ వెళ్ళి రాగి కాంటాక్టులని కలిపేసరికి, లాగే చుట్టకి రెండు చివర్లా ఒకే వోల్టేజి వచ్చి అది తప్పుకుంటుంది. ఆ తరవాత పట్టి ఉంచే చుట్ట ఒక్కటే పనిచేస్తుంది, దానికి ఎనిమిది పది ఆంపియర్లు చాలు. అంటే తాళం నుంచి వచ్చే ఆ సన్న వైరు మీద అసలు పరీక్ష మొదటి అరక్షణంలోనే. అది గట్టెక్కితే మిగతాదంతా సులువు.

ఇప్పుడు ఆ వైరు దారిలో ఎక్కడో చెడ్డ జాయింటు ఉందనుకోండి. దాని నిరోధం ఒక ఓములో పదో వంతు, అంతే. పాతిక ఆంపియర్లు పారితే రెండున్నర వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మల్టీమీటరు ఓముల్లో పెట్టి ఈ జాయింటుని పట్టుకుందామంటే కుదరదు. మామూలు మీటరుకి దాని సొంత వైర్లే రెండు మూడు పదో వంతులు చూపిస్తాయి. ఇక బీప్ కొట్టే సెట్టింగయితే పది ఓములున్నా సంతోషంగా బీప్ కొడుతుంది. ఆ బీప్‌ని నమ్మి వైరింగు ఓకే అనుకోవడం నాకు నచ్చని పద్ధతి.

దీనికి వేడి తోడవుతుంది. రాగి వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాని నిరోధం నూటికి సుమారు 0.4 వంతు పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీల్లో ఉన్న చుట్ట, మధ్యాహ్నం రావులపాలెంలో 90కి చేరిందంటే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరిగినట్టే. కరెంటు ఆ మేరకి తగ్గుతుంది, లాగే బలం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బండి దీన్ని తట్టుకునేలాగే తయారవుతుంది. జాయింటు చెడి, వేడి కూడా తోడైతేనే కడ్డీ కదలదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అప్పుడప్పుడూ వచ్చే లోపం చాలా వరకు ఎప్పుడూ ఉండేదే. చెడ్డ జాయింటు పొద్దున్నా చెడ్డదే, మెకానిక్ షెడ్డు ముందూ చెడ్డదే. అప్పుడు బండికి కాస్త వెసులుబాటు ఉండటం వల్ల బయటపడదు. కాబట్టి బండి మొరాయించే దాకా ఆగనక్కర్లేదు. చక్కగా స్టార్ట్ అవుతున్నప్పుడే కొలవచ్చు.

ఆదివారం పొద్దున్న ఇంటి ముందు మొదలుపెట్టాం. తాళం దగ్గర మా ఆవిడ, బానెట్టు దగ్గర నేను. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, పెట్రోలు పంపు ఫ్యూజు పీకేశాను కాబట్టి ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు. ఒక్కో విడత పది సెకన్లకి మించి తిప్పకూడదు, మధ్యలో ఓ నిమిషం ఆగాలి, లేకపోతే మంచి సెల్ఫ్ కూడా కాలుతుంది. మెడలో తువ్వాలుంటే తీసి అవతల పడేయండి, బెల్టుకి దయాదాక్షిణ్యాలుండవు.

ముందు బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంది, నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు లెక్క. కానీ ఊరికే ఉన్నప్పటి అంకెతో పెద్ద ప్రయోజనం లేదు. మీటరు అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టమన్నాను. 10.8కి దిగి అక్కడ నిలబడింది. 9.6 కిందకి జారితే బ్యాటరీని అనుమానించాలి, జారలేదు. మీటరు కొనలు క్లాంపు మీద కాకుండా సీసం పోస్టు మీదే ఆనించాలి. క్లాంపుకీ పోస్టుకీ మధ్య తెల్లపొడి ఉంటే ఆ తేడా మన కంటపడకుండా పోతుంది.

తరవాత ఎర్త్. నల్ల కొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకి, ఎర్ర కొన ఇంజను దిమ్మకి, రంగు లేని చోట. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 0.15. అక్కడ 0.2 దాకా ఫర్వాలేదు. ఇదే ఒకటి, ఒకటిన్నర ఉంటే ఇంజను ఎర్త్ పట్టీ తుప్పుపట్టిందని చెప్పేయొచ్చు. మా ప్రాంతంలో పాత బండ్లకి సగం దాని గొడవే. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టు దాకా 0.3. అదీ బాగానే ఉంది. లావు తీగలన్నీ నిర్దోషులని తేలింది.

మిగిలింది సన్న వైరు. మా కారులో సోలనాయిడ్ దగ్గరికి చెయ్యి వెళ్ళాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీయాలి. ఊడదీసి, ఆ వైరు కప్లర్ వెనక నుంచి పిన్నీసు దూర్చాను. వైరు పీకలేదు, అది గమనించాలి. లోడు ఉండగానే కొలవాలి. మీటరు ఎర్ర కొన బ్యాటరీ పాజిటివ్ పోస్టుకి, నల్ల కొన ఆ పిన్నీసుకి. తాళం తిప్పకముందు మీటరు 12 పైనే చూపిస్తుంది. బెదరక్కర్లేదు, అవతలి చివర చుట్ట ద్వారా ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి అలా వస్తుంది. తాళం తిప్పి సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఎంతకి పడుతుందన్నదే చూడాలి. దారిలో పోగొట్టుకుంటున్న వోల్టేజి అది.

1.1 చూపించింది. పట్టి ఉంచే చుట్ట తాగే ఎనిమిది ఆంపియర్లకే ఒక వోల్టు పైన పోతోంది. నా లెక్కలో అర వోల్టు లోపు ఉండాలి. చల్లటి పొద్దున, బండి బ్రహ్మాండంగా తిరుగుతున్నప్పుడే లోపం మీటరు మీద కూర్చుని ఉంది.

అయినా మొరాయించినప్పుడు ఎంత ఉంటుందో చూడాలని సరదా పుట్టింది. ఫ్యూజు పెట్టి, పిన్నీసుకి పొడుగు వైరు కట్టి, బానెట్టు సందులోంచి బయటికి లాగి, మీటరుని వైపరు కింద ఇరికించి ఎండవేళ జొన్నాడ వంతెన దాకా వెళ్ళొచ్చాం. ఆపి, బానెట్టు మూసే ఉంచి, ఇరవై నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. మీటరు 3.3 దగ్గర నిలబడింది. కడ్డీ కదల్లేదు కాబట్టి రెండు చుట్టలూ తాగుతూనే ఉన్నాయి, పాతిక ఆంపియర్ల దాకా. బ్యాటరీ దగ్గర 12.1 ఉంటే సోలనాయిడ్‌కి చేరింది 8.8. హెడ్‌లైట్లు ఎందుకు మసకబారలేదో కూడా అప్పుడు అర్థమైంది. పాతిక ఆంపియర్లు బ్యాటరీకి ఓ లెక్క కాదు, మోటారు తిరిగితే కదా వందల్లో లాగేది. మా ఆవిడ మీటరు వంక చూసి, “అయితే సెల్ఫ్ మార్చక్కర్లేదా ఏవండీ?” అంది.

ఇక ఆ మూడు వోల్టులు దారిలో ఎవరు తింటున్నారో పట్టుకోవాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి పొడుగు వైరొకటి కారు లోపలికి తెచ్చుకుని, స్టీరింగు కింద ప్లాస్టిక్ మూత విప్పి, మళ్ళీ పంపు ఫ్యూజు పీకి, ఒక్కో మజిలీ దగ్గర కొలుచుకుంటూ పోయాను. స్టీరింగు దగ్గర పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి మీటరుతో పోకూడదు. తాళం స్విచ్చులోకి వచ్చే వైరు దగ్గర 0.15 పోయింది. స్విచ్చులోంచి బయటికొచ్చాక 0.3. స్విచ్చు కూడా మంచిదే. చాలా బండ్లలో ఇక్కడే దొరుకుతాడు దొంగ, తాళం స్విచ్చు లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి. మాదాంట్లో కాదు. ఇంజను వైపు వెళ్ళే వైరుని, ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్యనుండే రేకు గోడ దాటే చోట పట్టుకుని కొలిస్తే 1.0. మధ్యలో జానెడు దూరంలో 0.7 వోల్టు మాయం.

ఆ జానెడులో ఏముందంటే, నల్ల టేపు చుట్టిన ఓ ఉండ. వేడికి టేపు జిగురు కారి, ముట్టుకుంటే వేళ్ళకి సాగుతోంది. చుట్టు విప్పితే కంపెనీ వైరుని మధ్యలో కత్తిరించి, రెండు చివర్లకీ అంతకన్నా సన్నటి వైర్లు చేత్తో మెలిపెట్టి ఉన్నాయి. టంకం లేదు, లగ్గు లేదు. మెలిక బయట రాగి పచ్చగా, లోపల నల్లగా. కొన్ని పోగులు తెగి టేపుకే అతుక్కుని వచ్చేశాయి. ఆ సన్న వైర్ల వెంట చెయ్యి పోనిస్తే డాష్‌బోర్డు వెనక జిప్ టైతో కట్టిన నల్ల డబ్బా తగిలింది, పక్కన వేలెడంత రిలే. పాత యజమాని వేయించిన దొంగల అలారం! దాని రిమోటు మాకెప్పుడూ ఇవ్వలేదు, అలాంటిదొకటి ఉందనే తెలీదు. అలారం పెట్టినప్పుడు దొంగ తాళం తిప్పినా సెల్ఫ్ తిరక్కుండా ఈ రిలే దారి మూసేస్తుంది. మామూలప్పుడు దారి తెరిచే ఉంటుంది, కానీ సోలనాయిడ్ కరెంటంతా ఈ చిన్న రిలే కాంటాక్టుల్లోంచి, ఆ రెండు మెలికల్లోంచే పోవాలి. మేం విన్న సన్నటి టిక్ దీనిదే అయ్యుండాలి.

బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఆ డబ్బా, రిలే, దాని తోక వైర్లు మొత్తం పీకి బయటపెట్టాను. కంపెనీ వైరు రెండు చివర్లనీ మంచి రాగి వచ్చేదాకా కత్తిరించి, మధ్యలో అదే మందం ముక్క వేసి, టంకం పెట్టి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు బిగించాను. మళ్ళీ కొలిస్తే మొత్తం దారికి 0.4. ఆ తరవాత ఎండలో రావులపాలెం, మండపేట, ద్రాక్షారామం ఎక్కడ ఆపినా తిరుగుతోంది.

పీకిన డబ్బా పట్టుకెళ్ళి కుర్రాడికి చూపిస్తే, అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. “సెల్ఫ్ వేసినా మళ్ళీ వచ్చేదండి” అని ఒప్పుకుంటూనే, “కానీ గురువుగారూ, బానెట్టులో విడిగా ఒక రిలే పెట్టేస్తే ఇదంతా వెతకక్కర్లేకుండా అయిపోయేది” అన్నాడు. అతనన్నది కొట్టిపారేసేది కాదు. బ్యాటరీ నుంచి నేరుగా సోలనాయిడ్‌కి ఫ్యూజుతో ఒక లావు వైరు వేసి, మధ్యలో నాలుగు కాళ్ళ రిలే పెట్టి, తాళం వైరుతో ఆ రిలేని మాత్రం పనిచేయిస్తే, తాళం దారిలో పాతిక ఆంపియర్లకి బదులు పావు ఆంపియరు కూడా పారదు. జాయింటు ఎంత చెడ్డదైనా బండి తిరుగుతుంది. తాళం స్విచ్చు అరిగిన పాత బండ్లకి ఇది మంచి వైద్యమే, నేనూ వద్దనను. కాకపోతే లోపం ఎక్కడుందో తెలియకుండా వేసే రిలే అంటే నాకు గిట్టదు. ఆ టేపు ఉండ డాష్‌బోర్డు వెనక అలాగే ఉండిపోతుంది కదా.

నిజంగానే వచ్చిపోయే లోపాలు కూడా ఉంటాయి, అవి ఈ పద్ధతికి దొరకవు. ఎలక కొరికి ఒక్క పోగు మీద వేలాడే వైరు, తొడుగు లోపలే తెగి కుదుపుకి కలుస్తూ విడిపోతూ ఉండేది, రిలే లోపల పగిలిన టంకం, ఆటోమేటిక్ బండ్లలో గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వని పార్కు న్యూట్రల్ స్విచ్చు, కొన్ని బండ్లలో క్లచ్చు పెడలు కింద స్విచ్చు. ఇవి పనిచేసేటప్పుడు నిండుగా పనిచేస్తాయి. వీటికి నేను చేసేది ఒకటుంది. సోలనాయిడ్ వైరు దగ్గర ఒక చిన్న బల్బు, తాళం స్విచ్చు దాటాక ఇంకొకటి, రెండూ ఫ్యూజుతో కట్టి డాష్‌బోర్డు మీదకి తెచ్చి వదిలేస్తాను. బండి మొరాయించినప్పుడు తాళం తిప్పి ఏది వెలిగిందో, ఏది వెలగలేదో చూసుకుంటే చాలు, రోడ్డు మీద మీటరు తీయక్కర్లేదు. మొదటిది వెలగకుండా రెండోది వెలిగితే, తెగింది ఆ రెంటి మధ్యనే. న్యూట్రల్ స్విచ్చు, క్లచ్చు స్విచ్చు కూడా చాలా బండ్లలో ఆ మధ్యలోనే ఉంటాయి.

డబ్బా పీకాక ఇంకో సంగతి కూడా కొలిచి చూశాను. బండి ఆపి, తలుపులన్నీ వేసి, బ్యాటరీ నెగటివ్ వైరుకీ పోస్టుకీ మధ్య మీటరుని పది ఆంపియర్ల సాకెట్లో పెట్టి, బండిలోని కంప్యూటరు నిద్రపోయేదాకా అరగంట ఆగి చూస్తే 20 మిల్లీ ఆంపియర్లు. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పకూడదు, లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. డబ్బాని తాత్కాలికంగా మళ్ళీ కలిపి చూస్తే 70. అంటే ఆ రిమోటు లేని అలారం రాత్రీ పగలూ యాభై మిల్లీ ఆంపియర్లు తాగుతూ కూర్చుంది. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, కారు పది రోజులు కదలకపోతే 12. మా బ్యాటరీ మొత్తం 35. పాత బ్యాటరీ నిజంగా పాడైపోయిందా, లేక దీని మూలంగా దిగిపోయి ఉందా అని మా ఆవిడ అడిగింది. దాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాం కాబట్టి ఆ సంగతి ఇక తేలదు.